గాలి లాగని ఐదో గొట్టం

అసలు పని ఇది

వంకర రేకు మీద ఒక గీత గీసి, గీతకి ఇవతలిది ఉంచు, అవతలిది లేనట్టే అనుకో అని కంప్యూటరుకి నచ్చజెప్పడం. ఇరవై ఎనిమిదేళ్లు నేను చేసిన ఉద్యోగం ఇదే. దీనికి నెలనెలా జీతం కూడా ఇచ్చారు. ఇంత సరదా పనికి జీతమేమిటా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాను.

రిటైరయ్యాక ఈ మధ్య కొత్తగా చేరినవాళ్లతో మాట్లాడమని మా పాత ఆఫీసువాళ్లు పిలిస్తే వెళ్లాను. నలుగురు కుర్చీల్లో బుద్ధిగా కూర్చుని, ఈ లైన్లో ఎదుగుదల ఉంటుందా మేడమ్ అని అడిగారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎదుగుదల సంగతి మీ పైవాళ్లని అడగండి, పని సంగతి నన్నడగండి అన్నాను. అరగంటలో చెప్పింది సరిపోలేదనిపించి ఇలా కాగితం మీద పెడుతున్నాను. ఇందులో నాకొచ్చిన ప్రమోషన్లు ఉండవు, నేను నింపిన ఫారాలు ఉండవు. నేను చేసిన ఒక పెద్ద తప్పు మాత్రం దాచకుండా ఉంటుంది.

మాది గుంటూరు అరండల్‌పేటలో మేడ మీద ఆరుగురి ఆఫీసు. చుట్టుపక్కల యంత్రాలు తయారుచేసేవాళ్లు మా మెట్లెక్కేవారు. పత్తి మిల్లుల్లో దూదిని లాగే గొట్టాలు, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో దుమ్ము పట్టే డబ్బాలు, కారం మిల్లుల ఫ్యాన్లు. రేకు కోయకముందే లోపల గాలి ఎలా పారుతుందో తెలిస్తే రేకు దండగ కాదు. అందుకోసం ఆ వస్తువుని ముందు కంప్యూటర్లో కట్టాలి. వంపు తిరిగిన ఒక్కో ముఖాన్నీ సర్ఫేస్ అంటాం. సర్ఫేసులన్నిటి మీదా చిన్న చిన్న త్రికోణాల వల పరుస్తాం, దాన్ని మెష్ అంటాం. గాలి లెక్క ఆ వల మీద జరుగుతుంది. వల తప్పయితే లెక్క తప్పవుతుంది, లెక్క తప్పయితే రేకు తప్పవుతుంది, రేకు తప్పయితే ఎవరి ముక్కులోకో కారం పోతుంది.

నేను సత్తెనపల్లి దగ్గర పల్లెటూరి దాన్ని. మిరప, పత్తి వేసే ఇల్లు. పాలిటెక్నిక్ చదివి డ్రాయింగు బోర్డు దగ్గర చేరాను. మొదట్లో గొట్టమంటే రెండు సమాంతర గీతలు, మధ్యలో చుక్కల గీత, అంతే. తర్వాత ఆఫీసుకి కంప్యూటరు వచ్చింది. ఒక వంపు గొట్టాన్ని తెర మీద కట్టి, మౌసు పట్టుకుని మొదటిసారి అటూ ఇటూ తిప్పిన రోజు నాకు ఒళ్లు ఝల్లుమంది. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినడం మర్చిపోయాను.

లాల్చీ మెడ

ట్రిమ్మింగ్ అంటే ఏమిటో ఇంజినీరుకి చెప్పడం కన్నా టైలరుకి చెప్పడం తేలిక. లాల్చీ కుట్టాలంటే టైలరు గుడ్డ పరిచి సుద్దతో రెండు గీతలు గీస్తాడు. బయట ఒకటి, నడిమధ్యలో మెడకి ఒకటి. బయటి గీతకి లోపల, మెడ గీతకి బయట ఉన్న గుడ్డే లాల్చీ. మా పనీ అంతే, కాకపోతే మేము కత్తెర పెట్టం. గుడ్డ మొత్తం అలాగే ఉంటుంది. గీతలు చూసుకుని, ఇక్కడి వరకే లాల్చీ అని కంప్యూటరు అనుకోవాలి. ఆ గుడ్డ బల్ల మీద పరిచినట్టు చదునుగా ఉండదు, వంపులు తిరిగి ఉంటుంది. గీత కూడా ఆ వంపుకి అంటుకునే పోవాలి, వెంట్రుకవాసి పైకి లేచినా వలలో కన్నం పడుతుంది.

ఒక గొట్టం ఇంకో గొట్టంలోకి ఏటవాలుగా దూరినప్పుడు పెద్ద గొట్టం మీద ఒక రంధ్రం పడుతుంది కదా. దాని అంచు ఎలా ఉంటుందో ఎప్పుడైనా చూశారా? గుండ్రంగా ఉండదు. కోడిగుడ్డు ఆకారమూ కాదు. ఒక వైపు కిందికి దిగి, ఇంకో వైపు పైకి లేచి, తనకంటూ ఒక నడక ఉన్న గీత అది. ఆ గీతని సరిగ్గా పట్టుకుని, దాని లోపలి ముక్క తీసేసి, చుట్టూ త్రికోణాలు వరుసగా వచ్చి అంచు మీద అమరిపోతుంటే చూడాలి. ఆ అందం కోసం నేను ఉద్యోగంలో ఇంకో పదేళ్లుండమన్నా ఉండేదాన్ని.

యోహాను గారి ప్రశ్న

మా ఆఫీసులో నాకు గురువు అనదగ్గ మనిషి యోహాను గారు. వయసులో నాకన్నా రెండేళ్లే పెద్ద. అద్దంకి దగ్గర వాళ్ల నాన్నగారు చర్చి బడిలో మేష్టారు. ఆయన మాత్రం పదేళ్లు రేకుల షెడ్డులో గొట్టాలు కోసి, వంచి, అతికి, ఆ తర్వాత కంప్యూటరు ముందు కూర్చున్నారు. అందుకని మా అందరికీ తెర మీద బొమ్మ కనిపిస్తే ఆయనకి రేకు కనిపించేది.

ఒకసారి పత్తి మిల్లు గొట్టం ఒకటి కట్టాను. రెండు వంపులు ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు పోయే చోట నూలుపోగంత సన్నని పట్టీ మిగిలింది. ఎంత ముచ్చటగా వచ్చిందో అని దాన్ని అలాగే ఉంచాను. ఆ పట్టీ నింపడానికి సూదుల్లాంటి త్రికోణాలు వేలకి వేలు పుట్టాయి. పొద్దున పెట్టిన లెక్క సాయంత్రానికి కూడా తెమలలేదు. మా బాసు కోటేశ్వరరావు గారు గంటకోసారి వచ్చి, ఏమ్మా, అయిందా అని అడిగి వెళ్తున్నారు. యోహాను గారు వచ్చి చూసి ఒక్కటే అడిగారు. ఆ సందుని షెడ్డులో కత్తెరతో కోయగలరా అని. కోయలేరన్నాను. కత్తెరకే అందనిదాన్ని కంప్యూటరు నెత్తిన ఎందుకు పెట్టారండీ అన్నారు. ఆ పట్టీ మూసేశాను. లెక్క టీ తాగి వచ్చేలోపు అయిపోయింది.

కాబట్టి కొత్తగా వచ్చేవాళ్లు ఒక్క నెలైనా రేకుల షెడ్డులో పనిచేయాలని నా అభిప్రాయం. దీనికి మా కోటేశ్వరరావు గారు కూడా ఒప్పుకోలేదు, ఇప్పుడున్నవాళ్లూ ఒప్పుకోరు. అయినా చెబుతాను.

కారం మిల్లులో ఐదు చోట్లు

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను. నరసరావుపేట రోడ్డులో బ్రహ్మయ్య గారని ఒకాయనకి కారం మిల్లు ఉంది. ఎండుమిరపకాయలు పోసే చోటు, రెండు మరలు, జల్లెడ, చివర కారం సంచుల్లోకి పట్టే చోటు, ఇలా మొత్తం ఐదు చోట్ల దుమ్ము లేచేది. గుమ్మంలో అడుగుపెడితే కళ్లు మండి, గొంతు పట్టేసేది. ఐదు చోట్లా దుమ్ముని లాగే గొట్టాలు పెట్టి, అన్నిటినీ పైకప్పు కింద ఒక పెద్ద గొట్టంలో కలిపి, బయట ఫ్యాన్ బిగించాలని ఆయన కోరిక. సీజను మొదలయ్యేలోపు కావాలన్నారు.

కొలతలకి నేనే వెళ్లాను. చివరి చోట ఎస్తేరమ్మ అని ఒకావిడ కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. ముక్కుకి తువ్వాలు కట్టుకుని సంచులు పడుతోంది, నాలుగు సంచులకోసారి ఆగి దగ్గుతోంది. నేను టేపు పట్టుకుని ఆమె చుట్టూ తిరుగుతుంటే ఎందుకని అడిగింది. ఇక్కడికొక గొట్టం వస్తుంది, దుమ్ము లాగేస్తుంది అని చెప్పాను. వస్తే మంచిదేనమ్మా అంది.

బ్రహ్మయ్య గారు నన్ను పక్కకి పిలిచి అసలు సంగతి చెప్పారు. ఆమె తన దగ్గర చాలా ఏళ్లుగా చేస్తోందనీ, చేతిలో నేర్పు ఉందనీ, కానీ ఈ దగ్గుతో ఇంకో సీజను గడవదనీ అన్నారు. ఈ గొట్టం పనిచేస్తే ఉంచుతాను, లేకపోతే మాన్పించేస్తాను, అది ఆమె మంచికే అన్నారు. మాన్పిస్తే ఆమె ఏం చేస్తుందని అడిగాను. చేలో కాయ కోతకి పోవాలి, ఆ ఎండకి ఆగే వయసా అని ఆయనే అన్నారు. నేను ధైర్యంగా, ఎందుకు పనిచేయదండీ, చేసి చూపిస్తాం అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చిందే.

రంగుల బొమ్మ

పెద్ద గొట్టం నాలుగు చోట్ల వరకు తిన్నగా పోయి, చివర ఒక దూలాన్ని తప్పించుకుని కిందికి వంగాలి. ఐదో గొట్టం సరిగ్గా ఆ వంపు మీద కలుస్తుంది. మొదటి నాలుగు రంధ్రాలు కంప్యూటరే కోసింది, నేను మీట నొక్కడమే. ఐదోదానికి మొండికేసింది. ఎంత చెప్పినా తప్పు తప్పు అని ఎర్ర అక్షరాలు చూపించింది.

ఇలాంటి మొండితనమంటే నాకు మహా ఇష్టం. సరే, నీకు రాకపోతే నాకొచ్చు అనుకుని, ఆ వంపు ముక్కని చేత్తోనే కట్టడం మొదలుపెట్టాను. చుట్టూ బయటి గీత గీశాను. లోపల రంధ్రం అంచు వెంట పన్నెండు చుక్కలు పెట్టి, వాటి మీదుగా గీత నడిపించి, దీని లోపలిది తీసెయ్ అన్నాను. తెర మీద రంధ్రం ఠక్కున కనిపించింది. అంచు ఎంత నున్నగా వచ్చిందంటే ఆఫీసులో అందరినీ పిలిచి చూపించుకున్నాను. యోహాను గారు ఆ వారం దాచేపల్లిలో ఇంకో పని మీద ఉన్నారు. ఉంటే ఏమనేవారో.

మెష్ వేశాను, లెక్క నడిపాను. గాలి లోపలికొచ్చే నోళ్లన్నిటి దగ్గరా లాగుడు సగటున ఎంతని అడిగాను. బ్రహ్మాండంగా ఉంది. మేమనుకున్న ఫ్యాన్ కన్నా చిన్నదైనా సరిపోతుందని తేలింది. గాలి వేగాన్నిబట్టి ఎర్రరంగు, పసుపురంగు కలిసిపోయిన గొట్టం బొమ్మ చూసి కోటేశ్వరరావు గారు మురిసిపోయారు. ఆయనకి రంగుల బొమ్మంటే ప్రాణం. దాన్ని అట్ట వేయించి బ్రహ్మయ్య గారికి స్వయంగా తీసుకెళ్లి ఇచ్చారు. ఒక్కో నోటి దగ్గర విడివిడిగా ఎంత లాగుతోందో ఆయన అడగలేదు, నేను చూడలేదు. సగటు అడిగిన ఇంజినీరుని నమ్మకండి. సగటు చూసుకుని సంబరపడిన రోజే నేను కళ్లకి గంతలు కట్టుకున్నాను.

ఎస్తేరమ్మ అడిగింది

గొట్టాలు బిగించారు, చిన్న ఫ్యాన్ వచ్చింది, సీజను మొదలైంది. మూడో రోజు బ్రహ్మయ్య గారు ఫోను చేసి, మొదటి చోట్లలో ఫరవాలేదు, చివర మాత్రం ఏమీ లాగడం లేదు అన్నారు. యోహాను గారు అప్పటికి తిరిగొచ్చారు. ఇద్దరం బస్సెక్కి వెళ్లాం.

ఆయన సంచీలోంచి చిటికెడు పత్తి తీశారు. రేకుల షెడ్డులో గాలి లాగుడు చూడటానికి వాళ్లు వాడేది అదే. కాయలు పోసే చోట పెడితే పత్తి వేళ్లలోంచి ఎగిరిపోయింది. మర దగ్గరా అంతే. జల్లెడ దగ్గర కొంచెం ఊగి, నిదానంగా లోపలికి పోయింది. ఐదో నోటి దగ్గర పెడితే కదల్లేదు. వేళ్లు వదిలితే కింద పడింది.

ఎస్తేరమ్మ పడిన పత్తి తీసి యోహాను గారి చేతికిచ్చింది. తర్వాత నా వైపు చూసింది. కోపం లేదు, ఊరికే అడిగింది.

"కొలతలు తీసుకునేప్పుడు నా దగ్గరిదాకా వచ్చారు కదమ్మా. బొమ్మ గీసేప్పుడు నన్ను మర్చిపోయారా?"

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. బ్రహ్మయ్య గారు ఐదో నోటి దగ్గర చెయ్యి పెట్టి చూసుకున్నారు. వచ్చే ఆదివారం దాకా చూస్తాను, ఆ తర్వాత ఈ చోట ఇంకొకరిని కూర్చోబెడతాను అన్నారు. ఎవరిని కూర్చోబెట్టేదీ అప్పటికే అనుకున్నారట. ఆ మాట ఎస్తేరమ్మ ముందే అన్నారు. ఆమె సంచీ మూతి కట్టుకుంటూ వింది.

నా చెయ్యి తిరిగే వైపు

ఆఫీసుకొచ్చి బొమ్మ తెరిచాను. ఐదో రంధ్రం స్పష్టంగా కనిపిస్తోంది. ఇదిగోండి, ఉంది కదా అని యోహాను గారికి చూపించాను, కాస్త దబాయింపుగానే. ఆయన ఆ బొమ్మ వైపు చూడను కూడా చూడలేదు.

"బొమ్మ వద్దు సుభద్ర గారూ. వల చూపించండి, లోపలి నుంచి."

గొట్టం లోపలికి దూరి చూసినట్టుగా మెష్‌ని తిప్పాను. నాలుగు రంధ్రాల్లోంచి బయటి వెలుతురు కనిపిస్తోంది. ఐదో చోట త్రికోణాలు ఒద్దికగా, వరుసగా, అటు అంచు నుంచి ఇటు అంచు దాకా పరుచుకుని ఉన్నాయి. రంధ్రం మూసి ఉంది. కంప్యూటరు లెక్కలో గొట్టానికి నాలుగే నోళ్లు. ఎస్తేరమ్మ అడిగింది అక్షరాలా నిజం, నా లెక్కలో ఆమె కూర్చునే చోటు లేదు.

పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. బొమ్మ చూపించే భాగానికి రంధ్రం ఉంది, వల పరిచే భాగానికి లేదు. ఒకే గీతని రెండూ రెండు రకాలుగా చదివాయి. ఎందుకలా చదివాయో నాకు అంతుపట్టలేదు. నా ముందే మళ్లీ గీయండి అన్నారు యోహాను గారు. బయటి గీత గీశాను, లోపల పన్నెండు చుక్కలు పెట్టాను. ఆయన తెర వైపు చూడటం లేదు, నా చెయ్యి వైపు చూస్తున్నారు.

"మీరెప్పుడూ ఇటే తిరుగుతారా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఇంకెటు తిరుగుతారండీ ఎవరైనా అన్నాను. అన్నాక ఆగిపోయాను. బయటి గీత గడియారం ముల్లు తిరిగే వైపే గీశాను, లోపలి గీత కూడా అటే గీశాను. ప్రదక్షిణం. చిన్నప్పుడు ముగ్గు దగ్గర ఎడమచుట్టు తిరిగితే మా నాయనమ్మ చేతి మీద ఒక్కటిచ్చేది. అటు తిరిగేది మనిషి పోయినప్పుడే అనేది. గుడిలో తిరిగినా, హారతి పట్టినా, కవ్వానికి తాడు చుట్టినా కుడిచుట్టే. నలభై ఏళ్లకి పైగా నా చెయ్యి ఇంకో వైపు ఎరగదు.

మా పనిలో నియమమేమిటంటే, బయటి గీత ఒక వైపు తిరిగితే రంధ్రం గీత దానికి ఎదురు తిరగాలి. ఎదురు తిరిగితేనే అది రంధ్రం. రెండూ ఒకే వైపు తిరిగితే లోపల కూడా రేకు ఉన్నట్టే లెక్క. బొమ్మ చూపించే భాగం ఈ దిశ పట్టించుకోదు, గీత కనిపిస్తే చాలు లోపల ఖాళీ చూపించేస్తుంది. వల పరిచే భాగం మాత్రం పట్టించుకుంటుంది. ఈ నియమం నాకు తెలియదా అంటే తెలుసు. పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను కూడా. ఇన్నేళ్లూ రంధ్రాలు కంప్యూటరే కోసి దిశ అదే చూసుకోవడంతో నా చేతి అలవాటు బయటపడలేదు, అంతే.

యోహాను గారు నవ్వారు. "మాకు ఆ పట్టింపు లేదండీ. నా చెయ్యి ఎటు పడితే అటు పోతుంది. అందుకే ప్రతిసారీ గీత పోయే దిశ చూపే బాణం గుర్తు చూసుకుంటాను."

ఆ మాట విన్నప్పుడు సిగ్గుపడ్డాను. ఇప్పుడు మాత్రం ఎవరు దొరికితే వాళ్లకి చెబుతాను. అలవాటు ఉన్న చెయ్యి బాణం చూడదు. మీ చెయ్యి ఎటు తిరుగుతుందో మీకు తెలియదు, పక్కన కూర్చున్న ఇంకో రకం మనిషికే తెలుస్తుంది. అందుకని ఆఫీసులో అందరూ ఒకే ఊరివాళ్లు, ఒకే ఇళ్లవాళ్లు ఉండకూడదు. ఇది నీతి కోసం చెప్పడం లేదు, రంధ్రాలు తెరుచుకోవడం కోసం చెబుతున్నాను.

పన్నెండు చుక్కలు ఎడమచుట్టు పెట్టబోతే నిజంగా చెయ్యి ఆగింది. నాయనమ్మ పోయి ఎంతకాలమైందో, అయినా ఆమె ఎక్కడ కొడుతుందోనన్నట్టు వేళ్లు బిగుసుకున్నాయి. బలవంతాన పెట్టాను. మెష్ మళ్లీ వేసి లోపలి నుంచి చూస్తే ఐదో చోట వెలుతురు కనిపించింది. కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. పక్క గదిలోవాళ్లు ఏమైందని పరిగెత్తుకొచ్చారు.

లెక్క మళ్లీ నడిపాం, ఈసారి ఒక్కో నోటికీ విడివిడిగా. ఉన్నదున్నట్టు తెలిసింది. ఫ్యాన్ నాలుగు నోళ్లకి సరిపడేది, ఉన్నది ఐదు. పైగా ఫ్యాన్‌కి దగ్గరున్న నోళ్లు గాలంతా కాజేస్తున్నాయి, చివరిదాకా ఏమీ మిగలడం లేదు. మందు కూడా అందులోనే ఉంది. ఫ్యాన్ లోపలి రెక్కల చక్రం పెద్దది వేయాలి, ముందున్న నోళ్లకి జరుపుడు పలకలు పెట్టి కాస్త ఇరుకు చేయాలి.

ఉరుము ఎవరి మీద పడాలి

కోటేశ్వరరావు గారు మంచివారే. మా అత్తగారికి జబ్బు చేస్తే అడక్కుండా సెలవిచ్చిన మనిషి. కానీ పనిచ్చినవాళ్ల ముందు తప్పు ఒప్పుకోవాలంటే ఆయనకి జ్వరం వచ్చేది. నేను చెప్పిందంతా విని తలుపు వేశారు.

"ఫ్యాన్ బాగోలేదని చెప్పేద్దామమ్మా. వాళ్లు ఇంకోటి ఇస్తారు, గొడవ వదిలిపోతుంది. తప్పు మనదని మన నోటితో చెబితే రేపు ఎవడైనా మన మెట్లెక్కుతాడా?"

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, పాపం ఆ ఫ్యాన్ చేసినాయనకి ఇందులో ఏం సంబంధం? మేం రాసిచ్చిన కొలతకి చక్కగా చేసిచ్చాడు. ఆ మాటే అన్నాను. ఇంకోటి కూడా అన్నాను.

"అదే కొలతకి ఇంకో ఫ్యాన్ తెస్తారండీ. ఆదివారం నాటికి ఎస్తేరమ్మ ఇంటికి పోతుంది. మనకి ఒక మాట పడే బాధ తప్పుతుంది, ఆమెకి కూడు పోతుంది. నేను చేసిన తప్పు నేనే చెప్పుకుంటాను, మీ పేరు ఎత్తను."

ఆయన లేచి, వేసిన తలుపు తీశారు. చివరికి వెళ్లి చెప్పుకో, నేను మాత్రం రాను అన్నారు. అన్నట్టే రాలేదు. కొత్తవాళ్లకి నా మాట ఏమిటంటే, బాసు పక్కన నిలబడతాడని చూడకండి. అడ్డం రాకపోతే అదే గొప్ప సాయం అనుకోండి.

బ్రహ్మయ్య గారి దగ్గర నిలబడి, మీ మిల్లులో ఐదో నోరు నా లెక్కలో మూసుకుపోయింది, తప్పు నాది, ఫ్యాన్‌ది కాదు అని చెప్పాను. ఆయన గొంతు మిల్లు మోతని మించింది. అట్ట వేసిన బొమ్మ తెచ్చి నా ముందు పడేశారు. ఇంత చదువుకుని కన్నం ఉందో లేదో చూసుకోలేరా అన్నారు. చూసుకోలేదండీ అన్నాను. అంతకన్నా ఏం చెప్పను, ఆయన అన్నది నిజమే కదా. కాసేపటికి మంచినీళ్లు తెప్పించి, ఎన్ని రోజులు పడుతుంది అని అడిగారు. ఆదివారంలోపే అన్నాను.

ఆ నాలుగు రోజులు నా ఉద్యోగం మొత్తంలో ఎక్కువ హుషారుగా గడిపిన రోజులు. తప్పు చెప్పేశాక మనిషికి ఇంత బలం వస్తుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఎప్పుడో చెప్పేదాన్ని. యోహాను గారు తన పాత షెడ్డుకి వెళ్లి జరుపుడు పలకలు స్వయంగా కోశారు. పలక జారే గాడికి వంపు ఎంతుండాలో నేను తెర మీద కొలిచి ఫోన్లో చెబుతుంటే ఆయన అక్కడ రేకు వంచేవారు. ఫ్యాన్ ఆయనకి జరిగిందంతా చెప్పాం. తన మీద పెట్టలేదని తెలిసి, మిగతా పనులు ఆపి పెద్ద చక్రం చేసిచ్చాడు. శనివారం పొద్దున మిల్లు ఆపించి అన్నీ బిగించాం.

పత్తి పోగు

శనివారం మధ్యాహ్నం మిల్లు మళ్లీ మొదలైంది. మరలు తిరిగాయి, జల్లెడ ఊగింది, ఎర్రటి దుమ్ము లేచింది. పనివాళ్లంతా చుట్టూ చేరారు. ఈసారి పత్తి నా చేతికిచ్చారు యోహాను గారు.

మొదటి చోట లాగింది. రెండు, మూడు, నాలుగు, అన్నిచోట్లా ఇంచుమించు ఒకేలా లాగింది. ఐదో చోటుకి వచ్చాను. నోటికి జానెడు దూరంలో పత్తి పట్టుకున్నాను. పట్టుకున్నానో లేదో వేళ్లలోంచి జారి, సర్రున గొట్టంలోకి పోయింది. ఎవరో ఈల వేశారు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి, కారం వల్ల కాదు.

అప్పుడు బ్రహ్మయ్య గారు ఎస్తేరమ్మతో, ఇన్నాళ్లూ కష్టపడ్డావు, కాయలు పోసే దగ్గర పని తేలిక, అక్కడ కూర్చో, ఇక్కడ వేరే ఆమెని పెడతాను అన్నారు. ఆయన దృష్టిలో అది మంచి మాటే. ఆయన ముందే అనుకున్న వేరే ఆమె అప్పటికే పీట పక్కకొచ్చి నిలబడి ఉంది. ఎస్తేరమ్మ ఆమె వైపు చూసింది, గొట్టం వైపు చూసింది, తర్వాత బ్రహ్మయ్య గారి వైపు తిరిగింది.

"ఇన్నేళ్లూ ఈ చోట కూర్చోమంటే ఒక్కరూ రాలేదయ్యా. గాలి వచ్చేసరికి అందరికీ కావాలా? నేను లేవను."

అని ముక్కుకి కట్టుకున్న తువ్వాలు విప్పి ఒళ్లో వేసుకుని, ఖాళీ సంచీ తీసి కారం పట్టడం మొదలుపెట్టింది. ఆ రెండో ఆమె నవ్వుకుంటూ వెళ్లిపోయింది. బ్రహ్మయ్య గారు ఖాళీ సంచుల కట్ట ఆమె పక్కకి జరిపారు. మేం పలకలు సరిచూసుకుంటూ ఇంకో గంట అక్కడే ఉన్నాం. ఆ గంటలో ఎస్తేరమ్మ ఒక్కసారి కూడా దగ్గలేదు.